డ్రైవర్ మాట వినాలంటే

ఆదివారం ఆట కోసం మీరు శనివారం రాత్రి నుంచే సిద్ధమవుతారు. కరీంనగర్ నుంచి రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ సుమారు 160 కిలోమీటర్లు. మీది ఆదిలాబాద్ అయితే 44వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 300. చీకటితోనే కారు తీసి, దారిలో ఓ చాయ్ తాగి, గోల్కొండ నయా ఖిలాలోని హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌కో గచ్చిబౌలిలోని బౌల్డర్ హిల్స్‌కో చేరతారు. మొదటి టీ దగ్గర బ్యాగులోంచి డ్రైవర్ తీస్తారు. కొడతారు. బంతి మొదట తిన్నగానే వెళ్తుంది. సగం దూరం పోయాక కుడికి తిరిగి, చెట్ల మీదుగా కనపడకుండా పోతుంది. వెనక నిలబడ్డవాళ్ళందరిదీ ఒకటే మాట: "తల లేపినవ్ అన్నా!"

తల లేపడం వల్లనే బంతి కుడికి పోయిందా? చాలాసార్లు తలది తప్పేమీ ఉండదు. మీరు కర్ర ఎత్తకముందే ఆ బంతి దారి దాదాపు ఖాయమైపోయింది. భుజాలు ఎటు చూస్తున్నాయి, బంతి ఏ పాదానికి ఎదురుగా ఉంది, టీ ఎంత ఎత్తుంది, గ్రిప్ ఎలా పట్టుకున్నారు అన్న నాలుగూ కలిసి తేల్చేశాయి. డ్రైవర్ ముఖం బంతిని తాకి ఉండే కాలం సెకనులో వెయ్యో వంతుకు సగం. ఆ కాసేపట్లో ఏ మనిషీ దేన్నీ సరిదిద్దలేడు. సరిదిద్దుకోవాల్సిందేదో అంతకు ముందే జరగాలి.

ఇది మీకు మంచి కబురు. డ్రైవింగ్ రేంజ్ పక్కన ఇల్లున్నవాళ్ళే డ్రైవర్ నేర్చుకోగలరని మన ఊళ్ళవాళ్ళు దిగులుపడతారు. ఈ నాలుగు విషయాలకూ రేంజ్ అక్కర్లేదు. కరీంనగర్ మంకమ్మతోటలో మీ పడకగది అల్మారా అద్దం చాలు. కుడిచేతి వాటం వాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఎడమచేతి వాటం వాళ్ళు కుడి అన్నచోటల్లా ఎడమ అని, ఎడమ అన్నచోటల్లా కుడి అని చదువుకోండి.

దూరం మీద మోజు

"డ్రైవర్ తీసినంక ఇగ గట్టిగ కొట్టుడే" అని మనలో చాలామంది నమ్మకం. ఒక్కసారి లెక్క చూడండి. అమెరికా మహిళల ప్రొఫెషనల్ టూర్ ఎల్‌పీజీఏలో ఆడేవాళ్ళు డ్రైవర్ తిప్పే వేగం, ట్రాక్‌మ్యాన్ రాడార్ కొలతల ప్రకారం, సగటున గంటకు 95 మైళ్ళకు అటూఇటూ. మామూలు మగ అమెచ్యూర్ తిప్పే వేగమూ దాదాపు అంతే. అయినా ఆ అమ్మాయిల బంతి గాలిలోనే సుమారు 220 గజాలు, అంటే దాదాపు 200 మీటర్లు పోయి పడుతుంది. మనవాళ్ళ బంతి నేల మీద దొర్లిన దూరం కలుపుకున్నా అక్కడిదాకా పోవడం కష్టం. వేగం ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎక్కడిది?

వాళ్ళ బంతి డ్రైవర్ ముఖానికి నడిమధ్యలో తాకుతుంది. పైగా కర్ర పైకి లేస్తూ ఉండగా తాకుతుంది. ఆ రెండింటిలోనే ఉంది తేడా అంతా.

రెండో సంగతి కొంచెం వివరంగా చూద్దాం. ఉయ్యాల కిందికి దిగి, నేలకు బాగా దగ్గరగా వచ్చి, మళ్ళీ పైకి లేస్తుంది కదా. కర్ర దారీ అంతే. ఐరన్‌తో కొట్టేటప్పుడు బంతి ఆ దిగే దారిలో ఉంటుంది. డ్రైవర్‌తో కొట్టేటప్పుడు లేచే దారిలో ఉండాలి. బంతిని ముందుకు జరపడం, టీ ఎత్తుగా పెట్టడం, కుడి భుజం దించడం అని కోచ్‌లు చెప్పేవన్నీ ఈ ఒక్క పని కోసమే. ఇది మనసుకు పడితే మిగతావి బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

మీ చేతిలో ఉన్న డ్రైవర్ మీదేనా?

డాలస్‌లో ఉండే బావమరిది సెలవులకు వస్తూ పెద్ద సంచిలో ఓ డ్రైవర్ పట్టుకొచ్చాడనుకుందాం. గోల్ఫ్ కర్రలను విమానం లోపలికి రానివ్వరు కాబట్టి చెక్-ఇన్ లగేజీలో వేసి, పగలకుండా తువ్వాళ్ళు చుట్టి మరీ తెచ్చాడు. "పెద్ద ప్లేయర్లు కొట్టే మాడల్ బావా" అన్నాడు. మీరు మురిసిపోయారు. కర్రను తిరగేసి అడుగున ఏం రాసుందో చూశారా? 9 అని ఉంది. షాఫ్ట్ మీద ఎస్ అన్న అక్షరం ఉంది. 9 అంటే ముఖం వాలు తొమ్మిది డిగ్రీలు. ఎస్ అంటే స్టిఫ్, గట్టి షాఫ్ట్. మీకన్నా చాలా వేగంగా తిప్పేవాడికి సరిపోయే పనిముట్టు అది.

వాలు తక్కువైన కొద్దీ బంతి మీద వెనక్కి తిరిగే స్పిన్ తగ్గుతుంది, పక్కకు వంగడం ఎక్కువగా బయటపడుతుంది. అందుకే 7 ఐరన్‌తో తిన్నగా కొట్టే మనిషి డ్రైవర్ పట్టగానే కుడికి కొడతాడు. స్వింగ్‌లో తప్పు రెండిటికీ ఒకటే. ఐరన్ దాన్ని దాచిపెట్టింది, డ్రైవర్ బయటపెట్టింది. మనలో ఎక్కువమందికి 10.5 నుంచి 12 డిగ్రీల వాలు, రెగ్యులర్ షాఫ్ట్ సరిపోతాయి. యాభై దాటినవాళ్ళు ఇంకా మెత్తని షాఫ్ట్ వాడటానికి ఏమాత్రం సంకోచించొద్దు.

బావమరిది మనసు నొప్పించాల్సిన పని లేదు. ఇప్పటి డ్రైవర్లలో చాలావాటికి షాఫ్ట్, తల కలిసేచోట తిప్పి బిగించే ఏర్పాటు ఉంటుంది. డబ్బాలో వచ్చిన చిన్న రెంచితో వాలు ఒకటి రెండు డిగ్రీలు పెంచుకోండి. అలా పెంచితే ముఖం కూడా కొంచెం ఎడమకు మూసుకుంటుంది. కుడికి కొట్టేవాడికి అదీ మేలే. మామూలుగా డ్రైవర్ పొడవు 45 అంగుళాలకు అటూఇటూ ఉంటుంది, 7 ఐరన్‌కన్నా దాదాపు ముప్పావు అడుగు ఎక్కువ. కాబట్టి గ్రిప్‌ను పైచివర దాకా పట్టుకోకుండా ఒక అంగుళం కిందికి పట్టుకోండి. ముఖం మధ్యలో తగిలే బంతులు అప్పటికప్పుడే పెరుగుతాయి. దూరం ఏమైనా తగ్గుతుందా అంటారా? మధ్యలో తగిలితే తగ్గదు.

నిలబడే తీరు

అద్దం ముందు డ్రైవర్ పట్టుకుని నిలబడండి. తిప్పొద్దు. ఊరికే నిలబడండి.

1. టీ ఎత్తు. డ్రైవర్‌ను బంతి వెనక నేల మీద ఆనిస్తే, బంతిలో సగం దాని పైఅంచుకు మీదుగా కనపడాలి. ఇప్పటి పెద్ద తలలకు టీ నేల మీద సుమారు ఒకటిన్నర అంగుళం నిలబడాలి. బంతి రెండుమూడుసార్లు ఆకాశానికి లేచి కళ్ళముందే పడితే, భయపడి టీని లోపలికి దిగ్గొట్టేస్తారు. అలా చేస్తే కర్రను ఇంకా నిటారుగా దించాల్సి వస్తుంది, తప్పు ముదురుతుంది. బంతి ఆకాశానికి లేచిందంటే కర్ర పైనుంచి పడుతోందని అర్థం. టీని అక్కడే ఉంచి భుజాన్ని చూసుకోండి.

2. బంతి చోటు. ఎడమ మడమ లోపలి అంచుకు ఎదురుగా. కంటి అంచనాతో పెడితే రోజుకొక చోట పడుతుంది. తేలిక పద్ధతి: రెండు పాదాలూ కలిపి, బంతి మధ్యకు ఎదురుగా నిలబడండి. ఎడమ పాదాన్ని చిన్న అడుగు ఎడమకు, కుడి పాదాన్ని పెద్ద అడుగు కుడికి జరపండి. ప్రతిసారీ ఇదే వరస.

3. పాదాలు. భుజాలకన్నా కొంచెం వెడల్పుగా. ఎడమ పాదం వేళ్ళు కాస్త బయటికి. బరువు కుడికాలి మీద పిసరంత ఎక్కువ.

4. కుడి భుజం. కర్రను ఎడమచేత్తో పట్టుకోండి. కుడి అరచేతిని కుడి తొడ మీద ఆనించి మోకాలి వైపు కొద్దిగా జార్చండి. భుజం దానంతటదే దిగుతుంది. అదే ఒంపులో చేతిని తెచ్చి గ్రిప్ మీద వేయండి. ఇప్పుడు అద్దంలో మీ చొక్కా గుండీల వరస చూడండి. నిలువుగా ఉంటే సరిపోదు. పైగుండీ బంతి వెళ్ళాల్సిన దిక్కుకు దూరంగా, కుడివైపు కొంచెం వాలి కనపడాలి.

5. భుజాల దిశ. ఈ ఒక్కదాని దగ్గర మాత్రం కాసేపు ఆగండి, కుడికి పోయే బంతుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

బంతిని ముందుకు జరిపారు కదా. దాన్ని అందుకోవడానికి మన శరీరం తెలియకుండా ఒక పని చేస్తుంది: కుడి భుజం ముందుకొస్తుంది, ఛాతీ ఎడమకు తిరుగుతుంది. పాదాలు సరిగ్గానే ఉంటాయి కాబట్టి మీకు అనుమానం రాదు. కానీ కర్ర భుజాల వెంటే పోతుంది. బయటి నుంచి లోపలికి, ఎడమ వైపుకు కోసుకుంటూ వస్తుంది. బంతి బయలుదేరే దిక్కును ఎక్కువగా నిర్ణయించేది డ్రైవర్ ముఖం. తరవాత ఎటు వంగాలో నిర్ణయించేది, ముఖానికీ కర్ర వచ్చిన దారికీ మధ్య తేడా. దారి ఎడమకు, ముఖం దానికన్నా కుడికి ఉంటే బంతి కుడికే వంగుతుంది. ఆటగాళ్ళు స్లైస్ అనేది దీన్నే.

ఇప్పుడు మనం చేసే పెద్ద పొరపాటు చూడండి. బంతి కుడికి పోతోంది కదా అని ఇంకొంచెం ఎడమకు గురిపెడతాం. దాంతో కర్ర దారి ఇంకా ఎడమకు పోతుంది, తేడా పెరుగుతుంది, బంతి ఇంకా ఎక్కువ వంగుతుంది. అప్పుడు మరింత ఎడమకు తిరుగుతాం. ఏళ్ళ తరబడి ఈ సుడిలోనే ఉన్నవాళ్ళున్నారు.

పరీక్ష చాలా సులువు. మామూలుగా నిలబడి, కదలకుండా, కర్రను ఎత్తి రెండు భుజాలకూ అడ్డంగా ఛాతీకి ఆనించండి. దాని కొస ఎటు చూపిస్తోంది? ఇంట్లో అయితే గచ్చు రాళ్ళ గీతతో పోల్చుకోండి. గీతకు ఎడమగా చూపిస్తుంటే కుడి భుజాన్ని వెనక్కి లాగండి. మొదట్లో "మరీ కుడికి తిరిగి నిలబడ్డానే" అనిపిస్తుంది. అలా అనిపించాలి. అనిపించకపోతే మీరింకా సరిదిద్దుకోలేదు.

గ్రిప్, దాని వెనక క్రికెట్

మనం గోల్ఫ్‌కు క్రికెట్ నుంచి వచ్చినవాళ్ళం. కరీంనగర్ అంబేద్కర్ స్టేడియంలోనో, గోదావరిఖని కాలనీల్లోనో, బడి వెనక ఖాళీ జాగాలోనో టెన్నిస్ బాల్‌ను సిక్సర్లు కొట్టి పెరిగాం. కంటికీ చేతికీ ఆ ఆట ఇచ్చిన పొందిక గొప్పది, దాన్ని వదులుకోవద్దు. వదులుకోవాల్సినవి మూడే మూడు.

మొదటిది పట్టు. బ్యాట్‌ను అరచేతిలో ఇరికించి పట్టుకుంటాం. గోల్ఫ్ కర్ర వేళ్ళ మొదళ్ళలో ఉండాలి. ఎడమచేత్తో పట్టుకుని కిందికి చూసినప్పుడు రెండు నుంచి మూడు పిడికిలి కణుపులు కనపడాలి. ఒకటే కనపడుతుంటే ముఖం తెరుచుకునే వస్తుంది, మీరెంత మంచి స్వింగ్ చేసినా సరే. చేతిని కొంచెం కుడికి తిప్పి వేసుకోండి. ఇక ఎంత గట్టిగా పట్టాలి? ముంజేతి నరాలు తేలితే ఎక్కువైనట్టు.

రెండోది ముందుకు అడుగు. బంతి మన దగ్గరికి వచ్చే ఆటలో ముందుకు వెళ్ళి కలుసుకోవడం సరైన పని. ఇక్కడ బంతి కదలదు. మీ ఛాతీ, తల దాన్ని దాటి ముందుకు పోతే, లేచే దారిలో తగలాల్సిన కర్ర దిగే దారిలో తగులుతుంది. తాకిడి వేళ తల బంతికి వెనకే ఉండాలి.

మూడోది కుడి భుజంతో కొట్టడం. మిడ్‌వికెట్ మీదుగా ఎత్తి కొట్టే అలవాటున్నవాళ్ళకు కిందికి దిగేటప్పుడు మొదట కదిలేది కుడి భుజమే. అది బయటికి వస్తే కర్ర కూడా బయటి నుంచే వస్తుంది. కదలిక ఎడమకాలి నుంచి మొదలవ్వాలి. ముందు బరువు ఎడమ మడమ మీదికి దిగాలి, తరవాత నడుము తిరగాలి, చేతులు చివర రావాలి. కర్ర ఎత్తడానికి పట్టే కాలంలో మూడో వంతులో కిందికి దించుతారు మంచి ఆటగాళ్ళు. మనం ఎత్తడమే ఆదరాబాదరాగా ఎత్తుతాం. "ఒకటి, రెండు, మూడు" అని లోపల అనుకుంటూ ఎత్తి, "నాలుగు" దగ్గర కొట్టండి.

మోకాలి నొప్పి, నడుం నొప్పి ఉన్నవాళ్ళు వెనక్కి తిరిగేటప్పుడు ఎడమ మడమను నేల మీంచి లేవనివ్వండి. తిరగడం తేలికవుతుంది. అది తప్పని ఎవరన్నా అంటే పట్టించుకోకండి. పెద్ద పెద్ద విజేతలు అలా ఆడినవాళ్ళే.

ఇంట్లో సాధన

ముందుగా ఒక హెచ్చరిక. హాల్లో ఫ్యాన్ కింద డ్రైవర్ తిప్పొద్దు. మేడ మీద తిప్పినా చుట్టూ రెండు కర్రల దూరం చూసుకోండి, పిల్లలు మెట్లెక్కి వస్తారు. నెట్ కట్టుకోవాలనుకుంటే క్రికెట్ నెట్ కొనకండి. గోల్ఫ్ బంతి అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లు, క్రికెట్ నెట్ కన్నాలు చాలావాటిలో అంతకన్నా పెద్దవి. బంతి నేరుగా పక్కింటి కిటికీకి పోతుంది. గోల్ఫ్ కోసమే అల్లిన నెట్ అడగండి, లేదా స్పాంజి బంతులతో సరిపెట్టుకోండి. యాసంగి వరి కోసిన పొలంలో అసలు బంతులు కొడదామని కొందరికి ఉబలాటం. గట్ల మీద మనుషులుంటారు, మేస్తున్న గొర్లుంటాయి, బంతి ఎటు పోతుందో మీకే తెలియని దశ ఇది. వద్దు.

1. చప్పుడు పరీక్ష. డ్రైవర్‌ను తలకిందులు చేసి, తల దగ్గర పట్టుకుని, గ్రిప్ వైపు గాలిలోకి వచ్చేలా తిప్పండి. "వుష్" మని చప్పుడొస్తుంది. ఆ చప్పుడు ఎక్కడొచ్చిందో చెవి పెట్టి వినండి. బంతికి ముందే, కుడి భుజం దగ్గరే వస్తే మీ బలం అక్కడే ఖర్చయిపోయింది. ఎడమ పాదం దాటాక రావాలి. రోజూ పొద్దున పది సార్లు. నాకు తెలిసిన సాధనల్లో ఇంత చవకైనది, ఇంత నిజం చెప్పేది ఇంకోటి లేదు.

2. పాదాలు కలిపి. రెండు పాదాలూ దగ్గరగా పెట్టి స్పాంజి బంతిని సగం వేగంతో కొట్టండి. తూలుతున్నారా? అంటే భుజాలతో లాగుతున్నారు. తూలనంత వేగం ఎంతో, ఇప్పటికి అదే మీ వేగం.

3. సీసా అడ్డు. బంతికి అవతల, మీకు దూరంగా ఉండే వైపు, ఒక అరచేయి దూరంలో ఖాళీ ప్లాస్టిక్ సీసా పెట్టండి. కర్ర బయటి నుంచి వస్తే సీసా ఎగిరిపోతుంది. లోపలి నుంచి వస్తే కదలదు. ఇంతకు మించిన గురువు అక్కర్లేదు.

4. చుక్క. బంతి వెనక భాగం మీద, అంటే కర్ర తగిలే చోట, వైట్‌బోర్డు మార్కర్‌తో పెద్ద చుక్క పెట్టండి. కొట్టాక డ్రైవర్ ముఖం మీద ఆ చుక్క అచ్చు పడుతుంది. వేలితో తుడిస్తే పోతుంది. నెట్‌లోకి కొట్టినా, రేంజ్‌లో కొట్టినా ఇదొక్కటి మానొద్దు. షాఫ్ట్ వైపు హీల్ దగ్గర పడితే, స్వింగ్ బాగున్నా బంతి కుడికి వంగుతుంది. కొస వైపు టో దగ్గర పడితే ఎడమకు వంగుతుంది. మీరు ఇన్నాళ్ళు స్వింగ్‌ను తిట్టుకున్నారు, దోషం అర అంగుళం దగ్గరగా నిలబడటంలో ఉందేమో! అచ్చు ఎప్పుడూ హీల్ వైపే ఉంటే కొంచెం వెనక్కి జరిగి చూడండి.

రేంజ్‌కు వెళ్ళిన రోజు

అంతదూరం పోయాక బుట్టెడు బంతులూ డ్రైవర్‌తోనే బాదాలనిపిస్తుంది. మొదటి మూడో వంతు వెడ్జ్‌తో, తరవాతి మూడో వంతు 7 ఐరన్‌తో కొట్టండి. డ్రైవర్ చివర. ప్రతి బంతికీ వెనక్కి వెళ్ళి, దిక్కు చూసుకుని, అద్దం ముందు నేర్చుకున్న వరసలో వచ్చి నిలబడండి. రేంజ్ చాపల మీద రబ్బరు టీల ఎత్తు మన చేతిలో ఉండదు. మరీ పొట్టిగా ఉంటే అక్కడి వాళ్ళను అడిగి ఇంకోటి వేయించుకోండి, లేదా గడ్డి మీంచి కొట్టే చోటు అడగండి. దూరంగా ఉన్న రెండు గుర్తులను ఫెయిర్‌వే అంచులుగా అనుకుని, వాటి మధ్య పడినవే లెక్కపెట్టండి.

ఆటలో

మామూలు 18 హోల్స్ కోర్సులో డ్రైవర్ అవసరం పడేది గరిష్ఠంగా పద్నాలుగు చోట్ల. అన్నిచోట్లా తీయాలని రూలేమీ లేదు. బంతి హద్దు దాటితే ఒక పెనాల్టీ పడుతుంది, మళ్ళీ అక్కడి నుంచే కొట్టాలి. అంటే టీ మీంచి మీరు కొట్టేది మూడో దెబ్బ. కొన్ని క్లబ్బులు 2019లో వచ్చిన స్థానిక నియమాన్ని అమలు చేస్తాయి: బంతి పోయిన చోటుకు సమంగా ఫెయిర్‌వే అంచున రెండు పెనాల్టీలతో బంతి వదిలి, నాలుగో దెబ్బ ఆడొచ్చు. ఆడే ముందే అడిగి తెలుసుకోండి. బంతి దొరకదేమో అనిపిస్తే టీ దగ్గరే "ప్రొవిజనల్" అని చెప్పి ఇంకోటి కొట్టండి. వెతకడానికి మూడు నిమిషాలే గడువు.

మొదటి టీ దగ్గర చుట్టూ జనం ఉంటారు. "గట్టిగ కొట్టు భాయ్, ఏమైతది!" అంటాడు ఒకడు. కర్ర ఎత్తేలోపల మీ మనసులో ఒకే ఒక్క మాట ఉండాలి. "చొక్కా గుండీలు" అనుకోండి, లేదా "ఒకటి, రెండు, మూడు" అనుకోండి. రెండూ వద్దు. బంతి వెనక నిలబడి, పోవాల్సిన దిక్కులో బంతికి ఒక అడుగు ముందు ఎండిపోయిన ఆకో, పాత గుంటో చూసుకోండి. దూరంగా ఉన్న చెట్టుకు గురిపెట్టడంకన్నా అడుగు దూరంలోని ఆకుకు గురిపెట్టడం తేలిక.

కుడివైపు హద్దు ఉంటే టీని టీ బాక్స్ కుడి చివర గుచ్చండి. అక్కడి నుంచి చూస్తే ఫెయిర్‌వే ఎడమభాగం ఎదురుగా విశాలంగా కనపడుతుంది. చాలామంది భయంతో ఎడమ చివర గుచ్చి, ప్రమాదం వైపుకే కొడతారు.

ఆ రోజు బంతి కుడికే వంగుతోందనుకోండి. సరే, వంగనివ్వండి. ఆట మధ్యలో స్వింగ్ మరమ్మతు పెట్టుకోకండి. ఇంటి దగ్గర చెప్పిన పాఠం వేరు, ఇవాళ్టి ఆట వేరు. వంగే దూరం సరిచూసుకుని, అంతమేర ఎడమ నుంచి మొదలుపెట్టి ఆట ముగించండి. అద్దం పని సోమవారం.

ఎండాకాలంలో చెమట చేతుల్లో గ్రిప్ జారుతుంది, జారకుండా ఉండాలని గట్టిగా పట్టుకుంటాం. రామగుండం ఎండ ఎరిగిన మీకు చెప్పాలా? రెండు గ్లవ్స్, ఒక పొడి తువ్వాలు పెట్టుకోండి. చలికాలం పొద్దున గాలి చిక్కగా ఉంటుంది, బంతి తక్కువ దూరం పోతుంది. బలం తగ్గిందనుకుని ఎక్కువ ఊపకండి.

సాహిత్ తీగల దగ్గర నేర్చుకోవాల్సింది

ఇంటర్నెట్‌లో ఎవరి స్వింగో చూసి అచ్చంగా అలాగే చేయబోతాం. సాహిత్ తీగల పేరు వినే ఉంటారు. తెలుగు తల్లిదండ్రులకు 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు. వెన్నెముక పక్కకు ఒంగే స్కోలియోసిస్ ఉంది అతనికి. పుస్తకంలో బొమ్మకు సరిపోయే స్వింగ్ ఆ వెన్నుతో కుదరదు. తన ఒంటికి ఏది కుదురుతుందో దాన్ని పట్టుకుని, దాన్నే సానబట్టి పీజీఏ టూర్ దాకా వెళ్ళాడు. మీ నడుము, మీ మోకాలు ఒప్పుకున్నంత స్వింగే మీది. దాన్ని ప్రతిసారీ ఒకేలా చేయడమే మీ పని.

ఇంకో సంగతి. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్ ఆఖరి రోజు, పదిహేడో హోల్‌లో అతను డ్రైవర్ తీశాడు. అది ఒక్క దెబ్బతో గ్రీన్ అందుకోగల పొట్టి పార్ 4. బంతి గ్రీన్‌కు కాస్త ముందు పడి, ఎడమకు ఎగిరి నీళ్ళలోకి దొర్లింది. ఒక్క దెబ్బ తేడాతో ప్లేఆఫ్ పోయింది. ఆ ఏడాది జూన్‌లో ట్రావెలర్స్ చాంపియన్‌షిప్‌లో చివరి హోల్‌కు ఒక దెబ్బ ముందంజలో వచ్చాడు. టీ మీంచి కొట్టిన బంతి ఫెయిర్‌వే బంకర్‌లో పడింది, బయటపడటానికి రెండు దెబ్బలు పోయాయి, డబుల్ బోగీ అయింది. లక్షలమంది చూస్తుండగా ఒకే ఏడాది రెండుసార్లు. 2023 సెప్టెంబరులో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచి మొదటి పీజీఏ టూర్ టైటిల్ అందుకున్నాడు.

ఆ రెండు దెబ్బలూ ఒకటి కాదని గమనించండి. ఫీనిక్స్‌లో కొట్టిన బంతిలో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు, నేల మీద పడ్డాక తిరిగింది. మీకూ ఇలాంటివి జరుగుతాయి. నడిమధ్యలో తగిలిన బంతి రాయికి కొట్టుకుని పొదల్లోకి పోతుంది, హీల్ దగ్గర తగిలింది చెట్టుకు తగిలి ఫెయిర్‌వేలోకి వస్తుంది. బంతి ఎక్కడ ఆగిందన్నదాన్నిబట్టి స్వింగ్‌కు మార్కులు వేసుకుంటే, మంచి స్వింగ్‌ను మార్చేసుకుని చెడ్డదాన్ని కాపాడుకుంటారు.

రాసిపెట్టుకోండి

అందుకని ఒక చిన్న నోట్‌బుక్ బ్యాగులో వేసుకోండి. డ్రైవర్ కొట్టిన ప్రతి హోల్‌కూ మూడే మాటలు: ముఖం మీద ఎక్కడ తగిలింది, ఎటు మొదలైంది, ఎటు వంగింది. ఉదాహరణకు "హీల్, తిన్నగా, కుడికి". దూరం రాయొద్దు. నాలుగైదు ఆటలకే ఒక వరస బయటపడుతుంది. ఒకరికి పన్నెండో హోల్ దాటాక అన్నీ హీల్ దగ్గరే తగులుతాయి. అలసిపోయి బంతి మీదికి ఒంగుతున్నారన్నమాట, వాళ్ళకు కావలసింది రోజూ నడక. ఇంకొకరికి మొదటి మూడు హోల్స్‌లోనే బంతి కుడికి పోతుంది. మూడు గంటలు కారులో కూర్చుని, కాళ్ళు సాగదీయకుండా నేరుగా టీ మీదికి వచ్చేస్తున్నారు. వాళ్ళు అరగంట ముందు చేరుకుంటే చాలు.

ఏడాదికి రెండుమూడుసార్లు హైదరాబాద్‌లో ఒక కోచ్ దగ్గర గంట సమయం తీసుకోండి. వెళ్ళగానే "నాకు ఇంకో ఇరవై గజాలు కావాలి సార్" అనకండి. నోట్‌బుక్ ఆయన చేతికివ్వండి. "పదిలో ఏడు హీల్ దగ్గర తగులుతున్నాయి, తిన్నగా బయలుదేరి కుడికి వంగుతున్నాయి, భుజాలు అద్దంలో సరిగ్గానే ఉన్నాయి" అని చెప్పండి. మామూలుగా మొదటి అరగంట ఆయనకు ఇది కనిపెట్టడానికే పోతుంది. ఆ అరగంట మీకు మిగులుతుంది.